రెండో పిలుపు

పాసోవర్ అనేసింది. అనకూడదని పొద్దున్నుంచి అనుకున్న మాట, అనాల్సిన అవసరమే లేని మాట, ఎనిమిది నెలలుగా రోజుకు నాలుగైదుసార్లు అంటూ వచ్చిన మాట, లేచి నిలబడగానే దానంతటదే వచ్చేసింది. బెంచి క్లర్కు నంబరు చదివాడు, ఆమె లేచింది, గౌను భుజం మీదికి లాక్కుంది, జడ్జి కళ్లజోడు పైనుంచి చూశాడు, అంతే. "సీనియర్‌గారు దారిలో ఉన్నారు సర్. పాసోవర్ ఇప్పించండి." జడ్జి తలూపాడు, క్లర్కు ఆ కాగితాల కట్టను పక్కన పెట్టి తర్వాతి నంబరు చదివాడు, ఆమె కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది. సీనియర్ దారిలో లేడు. పక్క ఊరి కోర్టులో ఉన్నాడు. ఈ పూట రానని తొమ్మిదింటికే ఫోన్ చేశాడు. "ఆ దారి కేసు నువ్వే చెప్పేయమ్మా, చిన్నదేగా" అన్నాడు, అవతల ఎవరికో కాఫీ చెబుతూనే పెట్టేశాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎనిమిది నెలలు కాచుకుంది. బస్సులో నిలబడి చెప్పాల్సిన వాక్యాలు పెదాల మీద తిప్పుకుంటూ వచ్చింది, పక్క సీటు ముసలాయన ఆమె స్తోత్రం చదువుకుంటోందనుకుని కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు. తీరా అవకాశం వచ్చి, నంబరు వచ్చి, జడ్జి చూపు వచ్చి, నోట్లోంచి మాత్రం పాసోవర్ వచ్చింది.

పాసోవర్ అంటే కేసును పక్కన పెట్టి, జాబితా అంతా అయ్యాక రెండోసారి పిలుస్తారు. పెద్ద లాయర్లు ఒకే గంటలో మూడు కోర్టుల్లో ఉండాలి కనుక, వాళ్లు వచ్చేదాకా కేసు ప్రాణం పోకుండా పట్టుకోవడానికి జూనియర్లు ఉన్నారు, వాళ్లు ఆ ఒక్క మాట అని కూర్చుంటారు, రెండో పిలుపుకు కూడా చెప్పేవాళ్లు లేకపోతే కేసు కొట్టేస్తారు. గోడ గడియారంలో పదకొండూ యాభై. జాబితాలో ఇంకా పంతొమ్మిది నంబర్లున్నాయి. "ఎటూ పోకండి మేడమ్‌గారూ, ఇవాళ అయ్యగారు పరుగు మీదున్నారు" అన్నాడు బెంచి క్లర్కు తల ఎత్తకుండా. ఎక్కడికి పోతుంది, పోవాల్సిన చోటొకటి ఉంది గాని దానికి కాళ్లతో పని లేదు, సంచిలో ఆపి పెట్టిన ఫోన్ తీసి వరండాలో నిలబడి ఒక్క మీట నొక్కితే చాలు. అద్దాల మేడ కంపెనీవాళ్లు ఉద్యోగంలో చేరేదీ లేనిదీ ఒంటిగంటలోపు చెప్పమన్నారు. చేరతాను అని రాసిన ఉత్తరం ఫోన్‌లో తయారుగా ఉంది, బస్సులో, వాదనకూ వాదనకూ మధ్య, అది కూడా రాసింది. పంపలేదు.

వెనక బెంచీలోంచి, ఆ దారి కేసు వేసిన మిషన్లావిడ లేచి వచ్చి కటకటాల మీదుగా వంగింది. కుట్టుమిషన్లు బాగుచేస్తుంది, వేళ్ల సందుల్లో నూనె నలుపు ఎంత కడిగినా పోదు, కోర్టుకు వస్తోందని ఇవాళ గోళ్లు కత్తిరించుకుని వచ్చింది.

"అయిపోయిందామ్మా?"

"లేదమ్మా. మళ్లీ పిలుస్తారు."

"పెద్దాయన వస్తున్నాడన్నావుగా."

"రారు. నేనే చెప్తాను."

"మరి ఇందాక చెప్పలేదేం?"

"గొంతు పట్టేసిందమ్మా" అంది. మిషన్లావిడ ఆమెను ఒక మొరాయించే మిషన్‌ను చూసినట్టు చూసింది, జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి చేతిలో పెట్టి, వెళ్లి తన చోట కూర్చుంది. కోర్టులో ఏదీ తినకూడదు. ఆమె బిళ్లను బుగ్గలో పెట్టుకుంది.

ఆవిడ గది ఒక సందు చివర ఉంటుంది. సందు వెడల్పు నాలుగడుగులు, వీధిలోంచి నేరుగా కొంత దూరం పోయి అక్కడ కుడికి తిరుగుతుంది, తిరిగాక పదకొండు అడుగులు నడిస్తే తలుపు. ముందరి ఇల్లు కొన్నవాడు సందులో సగం తనదని గోడ మొదలుపెట్టాడు, గోడ లేస్తే మిగిలేది రెండడుగులు. మనిషి పోవచ్చు. మిషన్ బల్ల వెడల్పు కూడా అడుగున్నరే కనుక అదీ పడుతుందని వాళ్లు రాసిన కాగితంలో ఉంది, సీనియర్ ఆ ముక్క చదివి, నిజమే కదమ్మా, మనం ఇంకేదైనా చూడాలి, అని ఫైలు ఆమె వైపు తోశాడు. ఇంకేదైనా చూడటానికి ఆమె ఒక ఆదివారం టేపు తీసుకుని వెళ్లింది. రాని గోడకు నేల మీద సుద్దగీత గీసి, గీత పొడవునా ఇటుకలు పేర్చి, బట్టల ఫ్యాక్టరీ నుంచి బాగుకొచ్చిన నాలుగడుగుల బల్లను ఆమె ఒక వైపు, మిషన్లావిడ ఒక వైపు పట్టుకుని మోశారు. నేరుగా ఉన్నంతసేపూ వచ్చింది. మలుపు దగ్గర ముందరి మూల గోడకు తగిలింది, వెనక మూల ఇటుకలకు తగిలింది, ఇటు పోదు, అటు రాదు. బల్లకు అటు చివర మిషన్లావిడ, ఇటు చివర ఆమె, మధ్యలో మిషన్, కాసేపు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "ఇప్పుడు అర్థమైందా లాయరమ్మా, వాడు నన్ను బతకొద్దనట్లేదు, బతికితే లోపలే బతకమంటున్నాడు" అంది ఆవిడ. బల్లను నిలువునా ఎత్తి చూశారు, అడుగున ఉన్న నూనె తొట్టి వొలికి ఆమె తెల్లచొక్కా చెయ్యి పాడైంది, ఆ మరక ఇప్పటికీ ఉంది, కోటు కింద. ఇవన్నీ కొలతలు వేసి బొమ్మ గీసి సీనియర్ బల్ల మీద పెడితే, "ఇదేంటమ్మా, లా చదివావా, ఇంజనీరింగా" అని నవ్వి దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఏ ఫైల్లో ఏ పేజీ అంటే నిద్రలో చెబుతాడు. ఆమె పేరు మాత్రం మొదటి నెలంతా వేరే జూనియర్ పేరుతో కలిపేశాడు, ఇప్పుడు అమ్మా అంటాడు, అది ఎవరికైనా సరిపోతుంది.

గోడ అవతలి నుంచి అమ్మ గొంతు వినబడింది. నాలుగో కోర్టులో అమ్మ బంట్రోతు. ఒక నంబరు, దాని వెంట ఒక మగమనిషి పేరు, మూడుసార్లు. మొదటిసారి వరండాకు, రెండోసారి మెట్లకు, మూడోసారి చెట్ల కింద బండి ఆపుకుని పొగ తాగేవాళ్లకు. ఇరవై రెండేళ్లుగా ఆ గొంతు కిటికీ అద్దాలు అదిరేలా పిలుస్తోంది, జడ్జీలు మారారు, రంగులు మారాయి, మెట్లు పగలగొట్టి మళ్లీ కట్టారు, గొంతు మారలేదు. ఇంట్లో మాత్రం అమ్మ గొంతెత్తదు. అక్కడ వాడేది ఇక్కడ దాచుకోవాలి అంటుంది. చిటికె వేసి పిలుస్తుంది, గరిటె గిన్నెకు తగిలించి పిలుస్తుంది, చిన్నప్పుడు ఆమె నిద్రలో మునిగితే బొటనవేలు పట్టి లాగి లేపేది. ఊళ్లో వాళ్ల పేర్లన్నీ ఆ నోట పలికాయి, హంతకుల పేర్లు, అప్పులవాళ్ల పేర్లు, విడిపోయే మొగుడూపెళ్లాల పేర్లు, కూతురు పేరు పలికిన రోజులు మాత్రం వేళ్ల మీద లెక్క. బడి వదిలాక ఇంట్లో ఎవరూ ఉండరని అమ్మ ఆమెను కోర్టుకు తెచ్చుకునేది, తలుపు పక్క బల్ల మీద కూర్చోబెట్టి, నోరు మెదిపితే జడ్జిగారు నిన్ను లోపలేస్తారని చెప్పేది, ఆమె లెక్కలు చేసుకుంటూ నోరు మెదపకుండా ఉండేది. అట్లాంటి ఒక సాయంత్రం ఒక లాయరమ్మ లేచి నిలబడింది. ఆవిడ చీర రంగుగాని ముఖంగాని ఆమెకు గుర్తు లేవు, కేసు ఏమిటో అప్పుడే తెలియదు. జడ్జి కలం కింద పెట్టి, చెప్పండి, అన్నాడు. అప్పుడు గదిలో కాగితాల చప్పుడు ఆగింది, తలుపు దగ్గర అమ్మ కూడా గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది, ఇంతమంది ఊరుకుని ఒక ఆడమనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం ఆమె అంతకుముందు ఎక్కడా చూడలేదు, వాళ్లింట్లో సరేసరి, నాన్న ఉన్నన్నాళ్లూ అమ్మ వాక్యం ఏదీ చివరికి చేరలేదు. లెక్కల పుస్తకంలో ఆ రోజు చేసిన లెక్కలన్నీ తప్పులు.

లా చదువుతానంటే అమ్మ వద్దనలేదు. చదువయ్యాక కోర్టుకు వస్తానంటే వద్దంది. "అక్కడ నాకు తెలియనిదేముంది? నీకంటే ముందు ఎంతమంది జూనియర్లు నా ముందు నుంచి లోపలికి పోయారో నాకు తెలుసు, ఎంతమంది లాయర్లై బయటికొచ్చారో కూడా నాకే తెలుసు. నల్లకోటు వేసుకున్న ప్రతివాడికీ కేసులొస్తే కాకులన్నీ కార్లలో తిరిగేవి" అంది. నాలుగో కోర్టులో ఒకాయన ఉన్నాడు, జూనియర్‌గా వచ్చినప్పుడు తలనిండా జుట్టు, ఇప్పుడు ఆ తల మీద ఈగ జారుతుంది, ఇంకా పాసోవర్ అడుగుతూనే ఉన్నాడు, అతని సీనియర్ పోయి రెండేళ్లయింది, ఒకరోజు అలవాటుకొద్దీ సీనియర్ దారిలో ఉన్నారు అన్నాడట, కోర్టంతా నవ్వింది, అమ్మ నవ్వలేదట. ఇంటికొచ్చి కాళ్లు బకెట్లో వేడినీళ్లలో పెట్టుకుని ఆ సంగతి చెప్పి, "నేను తలుపు దగ్గర నిలబడ్డాను, నువ్వు కుర్చీలో కూర్చో, నాకు ఇంకేం అక్కర్లేదు" అంది. అమ్మ పిక్కల మీద నరాలు ముడులు పడి ఉంటాయి. వాటిని చూస్తూ ఎదురు వాదించడం చేతకాలేదు. ఇందాక తాను అన్నది కూడా అదే కదా, లేని మనిషి దారిలో ఉన్నాడని. ఎనిమిది నెలలకే నాలుక ఆ గాడిలో పడిపోయింది, ఇరవై ఏళ్లకు ఏమవుతుంది. పిప్పరమెంటు అంచు పలచబడి బుగ్గకు గీసుకుంది.

తరగతిలో అరవై రెండుమంది. చివరి రోజు ఎవరో పెద్దమనిషిని పిలిచారు, ఆయన మైకు పట్టుకుని ఈ పట్టా చేతిలో ఉంటే మీకు తెరుచుకోని తలుపు ఉండదన్నాడు, పక్కన కూర్చున్న స్నేహితురాలు ఫుట్‌నోట్ ఆమె చెవిలో, తలుపు తెరిచేవాడు కూడా మన బ్యాచివాడే అయ్యేటట్టున్నాడే, అంది. ప్రతి పేజీ అడుగునా చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాస్తుందని దానికి ఆ పేరు. అరవై రెండులో తొమ్మిదిమంది కోర్టుకు వచ్చారు, ఇప్పటికి ముగ్గురు మిగిలారు, ఆ ముగ్గురిలో ఇద్దరికి నాన్న బోర్డు ఉంది, బోర్డు మీద నాన్న పేరు కింద ఇంకో పేరు రాయడానికి చోటుంది. నలుగురు జడ్జి పరీక్ష మూడోసారి రాస్తున్నారు, ఒకడు ఇళ్లు అమ్మిపెడుతున్నాడు, ఒకమ్మాయి మేనమామ బట్టల కొట్లో కూర్చుంది, లా చదివింది కదా అని బాకీలవాళ్లకు ఫోన్లు చేయిస్తున్నారు. వాదనల పోటీలో కాలేజీకి కప్పు తెచ్చింది ఆమే, ఆ కప్పు ప్రిన్సిపాల్ గదిలో ఉంది, ఆ పోటీలో వాదించి ఒడ్డున పడేయాల్సింది లేని దేశంలో లేని ఓడను, ఇరవై నిమిషాలు ఎవరూ అడ్డు చెప్పకుండా మాట్లాడింది, ఇక్కడ రెండడుగుల సందు గురించి నోరు పెగల్లేదు. ఫుట్‌నోట్ అద్దాల మేడలో చేరి ఆర్నెల్లయింది. నెల కిందట ఫోన్ చేసి, "ఒసేయ్, ఖాళీ ఒకటి పడింది, నీ పేరు చెప్పాను, ఆ గౌను విప్పి రావే తల్లీ" అంది. "అక్కడ పనేంటే?" అంటే, "ఒప్పందాలు చదవడం." "చదివి?" "తప్పుంటే పసుపురంగు పుయ్యడం." "పూసి?" "ఇంకోటి చదవడం. నీకు చదవడం రాదా ఏంటి?" అంది, నవ్వింది, ఆ తర్వాత, ఇక్కడ ఏసీ బాగుంటుందే, అంది.

ఇంటర్వ్యూకు వెళ్లింది. తొమ్మిదో అంతస్తు, లిఫ్టు చప్పుడు లేకుండా పోతుంది, లోపల నలభైమంది చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెరలు చూస్తున్నారు. ఎవరి బల్ల మీద వాళ్ల పేరు చెక్కిన పలక. అది చూడగానే అమ్మ గుర్తొచ్చింది. మాట్లాడినావిడ మర్యాదగా మాట్లాడింది, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసుకుంది, మీరేమైనా అడగాలా అంటే ఆమె, "ఈ పనిలో ఎవరితోనైనా మాట్లాడాలా అండీ?" అంది. ఆవిడ భరోసా ఇస్తున్నట్టు నవ్వి, "అసలు అక్కర్లేదు, అంతా తెర మీదే" అంది. దిగేటప్పుడు లిఫ్టు అద్దంలో ఆమె తన నోటిని చూసుకుంది. ఆ ఉద్యోగంలో తప్పేముంది, ఏమీ లేదు. నెల తిరగ్గానే జీతం, కుర్చీ, సెలవులు, అమ్మ ఇంకో రెండేళ్లు ముందే పని మానుకోవచ్చు. సీనియర్ ఇచ్చేది కవర్లో, గుర్తొచ్చిన నెలలో. తూచి చూస్తే త్రాసు ఎటు వంగుతుందో ఎవరైనా చెబుతారు, ఆమె కూడా చెబుతుంది, అందుకే కదా ఉత్తరం రాసింది. పంపడానికి వేలు ఎందుకు రాలేదో మాత్రం చెప్పలేదు. ఎనిమిది నెలల్లో జడ్జి ఆమెతో అన్న మాటలు ఆమెకు కంఠతా వచ్చు. సరే. ఎంతసేపు. మీ సీనియర్ ఎక్కడమ్మా. ఫ్యాన్ కాస్త తగ్గించమనండి. చెప్పండి అనలేదు. అది వినాలని ఉంది, ఒక్కసారి, తన వైపు చూసి, తనను, చెప్పండి అని. చిన్నపిల్ల కోరిక. ఆకలేసినవాడికి అన్నం కనబడ్డట్టు అది ఏ పని చేస్తున్నా ఎదురుగా కనబడుతుంది. అడిగితే ఇచ్చేది కాదు, కొనేది కాదు, అవతలివాళ్లు అనాలి, అన్నప్పుడు నీ దగ్గర చెప్పడానికి ఏదైనా ఉండాలి, ఇవాళ ఆ రెండూ ఒక చోట చేరితే మధ్యలో తన నోరే అడ్డుపడింది.

పన్నెండున్నర దాటింది. "పాపా" అంటూ గొడుగు లాయరు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇల్లు కొన్నవాడి తరఫు ఆయనే, ఎండైనా వానైనా గొడుగు లేకుండా కోర్టుకు రాడు, వాదించేటప్పుడు దాన్ని కుర్చీకి తగిలించి ఒక చెయ్యి దాని మీదే ఉంచుతాడు.

"మీ సీనియర్ రాడని నాకు తెలుసులే. ఆయన ఉన్న కోర్టులో మా తమ్ముడూ ఉన్నాడు."

"అవునండీ. రారు."

"మరింకెందుకు కూర్చోవడం. ఇద్దరం కలిసి పదిహేను రోజులు వాయిదా అడుగుదాం. కలిసి అడిగితే జడ్జి కాదనడు. నువ్వు ఇంటికి, నేను భోజనానికి."

అడిగితే అయిపోతుంది. రెండు నిమిషాలు. తర్వాత వరండా, ఫోన్, మీట. ఎవరూ తప్పు పట్టరు, సీనియర్ కూడా మంచి పని చేశావంటాడు. మిషన్లావిడ వైపు చూసింది. ఆవిడ ఈ వైపే చూస్తోంది, వినబడదు, పెదాలు కదలడం మాత్రం చూస్తోంది.

"ఆ పదిహేను రోజులూ గోడ ఆపుతారా అండీ?"

"గోడ నా చేతిలో ఉందా? మేస్త్రీలు వాళ్ల పని వాళ్లు చేసుకుపోతారు."

"అయితే వాయిదా నా చేతిలో లేదండీ."

గొడుగు లాయరు ఆమె ముఖంలోకి చూశాడు, కోపం రాలేదు, ఎక్కడో చూసిన మనిషిని గుర్తుచేసుకుంటున్నట్టు చూశాడు. "నువ్వు నాలుగో కోర్టు బంట్రోతమ్మ కూతురివి కదూ" అన్నాడు. ఔనంది. "గొంతు మాత్రం రాలేదు" అని లేచి గొడుగు సర్దుకున్నాడు.

రాలేదు. నిజమే. అమ్మ గొంతు పక్కగోడ అవతల మళ్లీ లేచింది, ఎవరో రావాలి, రాలేదు, మూడోసారి పిలుపు మెట్లు దిగి చెట్లదాకా పోయి ఉంటుంది. అమ్మ పేర్లు పిలిచింది, పేర్ల తర్వాత వచ్చే మాటలు లోపలికి వెళ్లినవాళ్లవి, వాళ్ల వెనక తలుపు మూసుకునేది. ఆ మూసిన తలుపుకు ఇటువైపు కూర్చుని ఆమె, గొంతుది ఏముంది, మలుపు దగ్గర బల్ల ఎందుకు తిరగదో చెప్పడానికి ఎంత గొంతు కావాలి అనుకుంది. మొదటి వాక్యం, సందులో మలుపు ఉంది. అంతే. అయ్యా అనాలా, సర్ అనాలా, మనవి చేసుకుంటున్నాను అనాలా, కాలేజీలో మొదటి వాక్యానికి ముందు మూడు వాక్యాలు నేర్పారు, సీనియర్ ఆ మూడింటినీ ముప్పై చేస్తాడు. మొదటి వాక్యం, సందులో మలుపు ఉంది. జాబితాలో చివరి నంబరు అయింది. జడ్జి గడియారం చూశాడు, కుర్చీ వెనక్కి జరగబోయి ఆగింది, బెంచి క్లర్కు పక్కన పెట్టిన కట్ట మీద చెయ్యి వేసి నంబరు చదివాడు.

లేచింది. గౌను జారింది, జారనిచ్చింది.

"మీ సీనియర్ వచ్చారా?"

"లేదు సర్. రారు. ఇందాక దారిలో ఉన్నారని పొరపాటున చెప్పాను. ఈ కేసు నేనే చెప్తాను."

జడ్జి పేజీ తిప్పుతూ, తల ఎత్తకుండానే, "చెప్పండి" అన్నాడు. కలం కింద పెట్టలేదు. గదిలో కాగితాల చప్పుడు ఆగలేదు, వెనక ఎవరో తుమ్మారు, ఆ మాట వచ్చిందీ పోయిందీ తెలియలేదు, దాన్ని పట్టుకుని చూసుకునే వ్యవధి కూడా లేదు. "సందులో మలుపు ఉంది సర్" అంది. అప్పుడు జడ్జి తల ఎత్తాడు. ఆమె బొమ్మ తీసి చూపబోయింది, గొడుగు లాయరు లేచి అది దాఖలు చేసిన కాగితం కాదన్నాడు, నిజమే, జడ్జి చెయ్యి అడ్డంగా ఊపి, మాటల్లో చెప్పండి, అన్నాడు. మాటల్లో చెప్పింది. రెండడుగుల దారిలో అడుగున్నర బల్ల పడుతుందన్నది నిజమే సర్, నేరుగా పోయినంతవరకు. ఆ బల్ల పొడవు నాలుగడుగులు. మలుపు దగ్గర తిరగాలంటే ముందరి మూల తిరగడానికి చోటు కావాలి, వెనక మూలకు చోటు కావాలి. మేం ఇటుకలు పేర్చి చూశాం. గొడుగు లాయరు, నిలువుగా ఎత్తి తీసుకుపోవచ్చు కదా, అన్నాడు. ఎత్తితే తొట్టిలో నూనె కారుతుంది సర్, ఆ నూనె బట్ట మీద పడితే ఆ బట్ట పనికి రాదు, ఏ మిషనైనా అంతే. జడ్జి, మీరు స్వయంగా చూశారా, అన్నాడు. మోశాను సర్, అంది. ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు, చేతివేళ్లతో బల్ల మీద ఒక మూల గీసి చూసుకున్నాడు, రెండు వేళ్లు దాని వెంట నడిపి ఆపాడు, అప్పుడు ఇంకో ప్రశ్న, దానికి జవాబు, గొడుగు లాయరు పట్టాలు చదివాడు, కొలతలు చదివాడు, ఆమె లేచింది, కూర్చుంది, లేచింది. చివరికి జడ్జి రెండు ముక్కలు చెప్పి రాయించాడు. మలుపుకు అటు ఆరడుగులు ఇటు ఆరడుగులు గోడ పని ఆపాలి, మిగతాది కట్టుకోవచ్చు, పంతొమ్మిదో తేదీన మళ్లీ వింటాం. సగం. సగమే. లేచి లోపలికి వెళ్లిపోయాడు. గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది, ఆమె దాన్ని చూసింది, ఒంటిగంట ఎప్పుడు దాటిందో, ఏ ప్రశ్నకూ ఏ జవాబుకూ మధ్య దాటిందో తెలియలేదు. చెప్పాల్సినవి ఇంకా మూడున్నాయి, బస్సులో అనుకున్నవి, అవి ఇప్పుడు గుర్తొస్తున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి.

వరండాలో జనం భోజనాలకు పోతున్నారు. అమ్మకు చెప్పాలి. ఏం చెప్పాలో ఇంకా మాటలు కూడలేదు, గడువు దాటిపోయిన ఆ కుర్చీ ఉద్యోగం సంగతి ఎట్లా ఎత్తాలో, ఏ పూట ఎత్తాలో. మిషన్లావిడ స్తంభం దగ్గర నిలబడి ఉంది.

"లోపల సగమే వినబడిందమ్మా. ఏం చెప్పావో మళ్లీ ఒకసారి చెప్పు."

"ఇప్పుడా?"

"నాది కదా. నేను వినొద్దూ?"

చెప్పింది. మలుపు, మూలలు, ఇటుకలు, జడ్జి వేళ్లు, సగం గోడ, పంతొమ్మిదో తేదీ. మిషన్లావిడ ఒక్కచోట కూడా మధ్యలో రాలేదు, చెవి ఇటు పెట్టి మిషన్ చప్పుడు వింటున్నట్టు మొత్తం విన్నది. నూనె దగ్గర మాత్రం కనుబొమలు ముడిచింది, ఆమె ఆపేదాకా ఆగి అంది.

"ఏ మిషనైనా నూనె కారుతుందన్నావా?"

"అవును."

"అదట్లా కాదమ్మా. పెద్దవాటికే తొట్టి ఉంటుంది. ఇళ్లలో కుట్టుకునే చిన్న మిషన్‌కు తొట్టి ఉండదు, తల ఊడదీసి చంకన పెట్టుకుని పోవచ్చు. రేపు వాడు ఒకటి తెచ్చి అక్కడ నిలబెట్టి చూపించాడనుకో, ఇది కూడా అబద్ధమే, అదీ అబద్ధమే అంటాడు. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

తప్పు చెప్పింది. మొదటిసారి నోరు తెరిచి పదీ పన్నెండు వాక్యాలు చెబితే అందులో ఒకటి తప్పు, అది ఇప్పుడు కోర్టు కాగితాల్లో ఉంది. "పంతొమ్మిదిన సరిచేస్తాను" అంది.

"నువ్వా, పెద్దాయనా?"

"నేనే."

కలం కోసం సంచిలో చెయ్యి పెట్టింది. ఫోన్ తగిలింది, దాన్ని పక్కకు జరిపింది, అడుగున కలం దొరికింది. ఫైలు అట్ట మీద పంతొమ్మిది అని రాసి, దాని కింద, తొట్టి పెద్ద మిషన్లకే, అని రాసింది. రాసినదాన్ని మిషన్లావిడకు చదివి వినిపించింది. "ఆ, అది" అంది ఆవిడ. "ఇంకేమైనా తప్పు చెప్పానా?" అంటే, "బల్ల పొడవు మళ్లీ చెప్పు" అంది, ఇద్దరూ స్తంభం మొదట్లో మెట్టు మీద కూర్చున్నారు.